ఏవరేజ్ ఇడ్లీ, సో సో సట్నీ

ఖరగ్‌పూర్, ఇందా బజారు. దాలమ్మ ఇడ్లీ బండి రేపే మొదలు. కొడుకు వినోద్ బోర్డు రాస్తున్నాడు.

"బెస్ట్ ఇడ్లీ అని రాసినావా? సెరిపీ."

"బోర్డంటే అలాగే రాస్తారమ్మా."

"మనమే గొప్ప సెప్పుకుంటే దిష్టి తగల్దా? ఆ పక్కింటి అప్పలకొండ మొన్న మనింట్లో తిని ఒక్క మాటన్నాడు, ఇడ్లీ మల్లెపువ్వులాగున్నాదని. సాయంత్రానికి గ్రైండరు కాలిపోనాది. మీ నాన్న కాలు బెణికినాది. హౌరా లోకలు లేటైనాది."

"అది రోజూ లేటే."

"ఆ రోజు ఇంకా లేటు."

"మరేటి రాయమంటావు?"

"ఏదో సుమారుగుంటాయని రాయి. ఇంగ్లీషులో రాయి, గౌరవంగుంటాది."

"ఏవరేజ్ ఇడ్లీ."

"సట్నీకి?"

"సో సో సట్నీ."

"వడకి గట్టిగా రాయాల. కన్నముంటాది కదా, దిష్టి తిన్నగా లోపలికెల్లిపోద్ది."

"నథింగ్ టు రైట్ హోమ్ అబౌట్."

"అంత పొడుగేటిరా?"

"ఇంటికి ఉత్తరం రాసి సెప్పుకునేంత గొప్పేం కాదని."

"వడ తిని ఉత్తరం ఎవలు రాస్తారు?"

"ఎవలూ రాయరు. అదే కదా."

"అయితే ఉంచు. సాంబారుకి?"

"మెహ్."

"మేకలాగ అరుస్తావేటి?"

"ఇంగ్లీషోళ్ళు నచ్చకపోతే అలాగే అంటారు. అమ్మా, ఇది సదివి ఎవలైనా తింటారా? బండి నడవకపోతే మళ్ళీ సత్యవాణత్త ఇంట్లో గిన్నెలు తోమాల నువ్వు."

"ఆ గిన్నెలు ఇంక తోమను. అందుకే గ్రైండరు కాలకూడదంటన్నాను. రాయి."

మర్నాడు పొద్దున్న, అదే బండి దగ్గర.

"అమ్మా, లైను టోటో ఆటోల స్టాండు దాకా ఉన్నాది."

"ఏటి, గొడవకొచ్చినారా?"

"బోర్డు ఫోటోలు తీస్తన్నారు. ఒక బెంగాలీ దాదా ఏడ్సినాడు కూడా. ఈ బజార్లో నిజం సెప్పిన దుకాణం ఇప్పటికి సూసినానన్నాడు."

"తిన్నాక ఏటన్నాడు?"

"బోర్డు అబద్ధమన్నాడు. కేసెడతానన్నాడు."

"పెట్టనీ. ఇంకో వాయి దించుతాను, పళ్ళేలు సర్దు."

"వద్దులే. లైను కదిలిపోతన్నాది."

"ఎక్కడికి?"

"ఎదర ఇడ్లీ బండి కాడికి. గోవిందరావు మామ కూడా తన బండికి బోర్డెట్టినాడు."

"ఏటని?"

"వాళ్ళకన్నా ఘోరం, అని."

"మనల్ని సూసే రాసినాడు."

"అయితే మనమూ మార్సి రాద్దామా? తింటే జొరమొస్తాదని?"

"వద్దు. అప్పలకొండకి ఫోన్ సెయ్యి. గోవిందరావు బండి కాడ కడుపు నిండా తిని ఒక్క మాటనమను, నా లెక్కలో."