టేపు మావయ్య వదిలిన మడత

ఆ టేపు అలా లాగకే తల్లీ, తెగుతుంది. అది టేపు మావయ్యది. ఎవరా? మీ అమ్మ చెప్పలేదూ? బాగుంది, కూర్చో. దర్జీ ఆయన, మా పక్కిల్లు. చుట్టమేం కాదు, అందరికీ మావయ్యే. తీస్తే జలుబు చేస్తుందన్నట్టు పడుకున్నా మెడలో టేపు తీసేవాడు కాదు. కుట్టుమిషను పక్కనే రేడియో. పాటలొచ్చేది కాదే, మనం మాట్లాడితే అవతలివాళ్ళు బదులు పలికేది. లైసెన్సు కూడా ఉండేది, కత్తెర తగిలించే మేకుకే. డాబా మీద రెండు గొట్టాల మధ్య రాగి తీగ, దాన్ని సరిగ్గా నడిమికి తెంపి, అక్కణ్ణించి కేబులు కిందికి. ఆ రెండు రెక్కల పొడవూ కుదరాలి. కుదరకపోతే మనం అరిచింది బయటికెళ్ళకుండా పెట్టెలోకే తిరిగొస్తుందట. ఎంత తిరిగొస్తోందో చూపడానికో ముల్లు. "ముందు పొడుగ్గా కట్టు, చివర్లు కాస్త కాస్త వెనక్కి మడుస్తూ ముల్లు చూడు. కోత ఆఖర్న" అనేవాడు. నేనప్పుడు కరెంటాఫీసులో లైన్‌మ్యాన్ని, తీగల సంగతి దర్జీ నాకు చెప్పడమేంటని నవ్వేవాణ్ణి. పొగరు, ఇంకేముంది.

ఆ ఏడు వరదకి వంతెన కొట్టుకుపోయింది, ఫోన్లు పోయాయి, గాలికి మావయ్య పాత తీగా తెగింది. సరిగ్గా ఆ పొద్దున్నే మా అక్కకి, అదే మీ అమ్మమ్మకి, నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది. "నా వల్ల కాదు బాబూ, డాక్టరమ్మ రావాలి" అని మంత్రసాని చేతులెత్తేసింది. డాక్టరమ్మేమో అవతలి ఒడ్డున, పడవలూ అటే. అక్కడ రేడియో ఉన్నది ఒక్క బడిపంతులికి. మావయ్య ఉన్న కొత్త తీగంతా కట్టి కింద ముల్లు దగ్గర కూర్చున్నాడు, నేను డాబా ఎక్కా. "జానెడు మడువురా, రెండువైపులా!" అన్నాడు. నాకు మడిచే ఓపికేదీ? జేబులో కటింగ్ ప్లేయరుంది, కసుక్కున కోశా. "దిగిందిరా, ఇంక వేలెడు చాలు" అంటూనే ఉన్నాడు, పక్కింట్లోంచి అక్క కేక వినబడింది. చెయ్యి ఆగలేదే. అటో రెండు జానలు, ఇటో రెండు జానలు కోసేశా. ముల్లు ఎగిరి పైన కూర్చుందట. కోసిన ముక్కలు కింద వీధి కాలవలో పడి కొట్టుకుపోయాయి, ఇంకో తీగ లేదు. అక్కని నా చేత్తో నేనే చంపుకున్నాననుకున్నా.

మావయ్య పైకొచ్చాడు. తిట్టలేదు, తిట్టినా బావుండేది. నడిమిన కేబులు కలిసేచోట చుట్టిన గుడ్డ విప్పాడు. లోపల చెరోవైపూ మూరెడు తీగ, మడిచి పురిపెట్టి ఉంది! "ఎదిగే పిల్లల గౌన్లకి లోపల మడత వదలనట్రా నేను? నీ తొందర నాకు తెలీదూ?" అన్నాడు. పురి విప్పి లాగి కట్టాం. ఈసారి వేలెడు వేలెడే మడిచా, బుద్ధిగా. ముల్లు అట్టడుక్కి దిగింది. పంతులుగారి గొంతు పలికింది. మధ్యాహ్నానికి పడవలో డాక్టరమ్మ, సాయంత్రానికి మీ అమ్మ.

కాళ్ళకి దణ్ణం పెట్టబోతే "ఛ, నేనేం చేశాను, మడత విప్పా" అన్నాడు. ఆయన పోయి ముప్పయ్యేళ్ళు. మీ అమ్మ వాకిట్లోకొచ్చి "మావయ్యా" అని నన్ను పిలిచినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు. ఆ మనిషి లేకపోతే నాకా పిలుపు లేదు, ఈ ముచ్చట వినడానికి నువ్వూ లేవు...

ఏదీ, చెయ్యి చాపు. చేతులు పొట్టయిపోయాయి కదే ఈ చొక్కాకి. పారెయ్యకు. అంచు తిప్పి చూడు, లోపల మడత ఉంటుంది.