చేతి నిండా తాళాలు

తిరువూరు బళ్ళో, వరండా బెంచీ మీద పదో తరగతి పిల్ల కళ్ళు తెరిచింది. పక్కన స్నేహితురాలు అట్టముక్కతో విసురుతోంది. తన గుప్పెట్లోకి చూసుకోగానే ఆ పిల్లకు ముందు నవ్వొచ్చింది.

“ఇన్ని తాళాలేంటే నా చేతిలో?”

“నువ్వు పడిపోయి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంటే, మూర్ఛనుకుని చేతిలో ఇనుము పెట్టాలని తలా ఒకటి తెచ్చారు. లెక్కల సారైతే సైకిలు తాళం ఇచ్చారు.”

“నాది మూర్ఛ కాదని బెజవాడ డాక్టరుగారు చెప్పారుగా. పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడితే చాలన్నారు.”

“అదే చెప్పాను. హెడ్మాస్టరుగారు విని, నన్ను తప్ప అందర్నీ పొమ్మని తనే నీ పక్కన కూర్చున్నారు.”

“ఆయన చూశారా? మళ్ళీ ఇలా వస్తే బడి మాన్పిస్తానన్నారు కదే.”

“అన్నారు. కానీ నీతో ఏం మాట్లాడాలో తెలీక, విస్సన్నపేటలో మామిడితోట సంగతి ఎత్తుకున్నారు. అక్కణ్ణించి వాళ్ళత్తగారి ఆవకాయలోకి దిగారు. ఒట్టి ఉప్పట.”

“అది నాకు వినపడిందే. కలేమో అనుకున్నా.”

“కల కాదు. చెప్తూ చెప్తూ ఆయనే నవ్వేశారు. నీ చేతులు కుదుటపడింది అప్పుడే.”

“మరి నా బడి?”

“‘లేవగానే క్లాసుకు తీసుకెళ్ళు. మళ్ళీ వస్తే నన్ను పిలువు, మా అత్తగారి గురించి ఇంకా చాలా ఉంది’ అన్నారు.”