ఊరికి టైము చెప్పిన గుండె

టీ కొట్టు బల్ల మీద కూర్చున్న కాంపౌండరుకి కడుపు మండిపోతోంది. ఊరికే కాదు. ఎదురుగా ఆసుపత్రి మూలగదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఆసుపత్రిలో నవ్వులేమిటండీ! అదే ఆసుపత్రిలో మందుల కిటికీ వెనక నిలబడి "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, తర్వాతెవరు?" అంటూ జుట్టు నెరిసేదాకా మాత్రలు అందించాడు. ఒక్కరంటే ఒక్కరు ఆయన ముందు నవ్విన పాపాన పోలేదు. ఇప్పుడు ఆయన రిటైరయ్యాడో లేదో ఒక కొత్త సిస్టరు దిగింది. షుగరువాళ్ళనీ గుండెజబ్బువాళ్ళనీ గుండ్రంగా కుర్చీల్లో కూర్చోబెడుతుంది. రబ్బరు గుండె ఒకటి విప్పి చూపిస్తుంది. కూల్‌డ్రింకు సీసా పక్కన చెంచాలతో పంచదార కుప్ప పోసి, మీరు తాగేది ఇదేనండీ అంటుంది. జనం నోళ్ళు వెళ్ళబెట్టుకుని వింటారు. ఆయన దగ్గర చేతిలో చీటీ పెట్టి పారిపోయినవాళ్ళే, ఆ పిల్ల దగ్గర గంటలకు గంటలు కూర్చుంటున్నారు.

పోనీ, జనం సంగతి వదిలేద్దాం. సొంత పెళ్ళాం కూడా వెళ్ళింది! వెళ్ళి వచ్చి, ఆయన కంచంలో సగం కూరలు నింపి, అన్నం ఓ మూలకి నెట్టి, "సిస్టరు ఇలాగే తినమంది" అంది. ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

ఇవాళ బావమరిది వంతు. బావమరిది దర్జీ. కిందటేడు గుండెనొప్పి వచ్చి స్టెంటు వేయించుకున్నాడు. ఏ మాత్ర ఎందుకో, ఏది మానకూడదో విడిగా చెబుతాను, నాలుగింటికి రమ్మని సిస్టరు కబురు పెట్టింది. వాడు తల దువ్వుకుని, మందుల సంచీ చంకన పెట్టుకుని టీ కొట్టు ముందు నుంచి పోతుంటే కాంపౌండరు చెయ్యి పట్టి లాగి బల్ల మీద కూలేశాడు. వీణ్ణి మటుకు పోనివ్వకూడదు. వీడూ పోతే తనకిక మిగిలేది టీ గ్లాసే.

"ఓ టీ తాగి పోదువు గానీ కూర్చోరా. పంచదార లేకుండానే. అసలు షుగరు గురించి ఆ పిల్లకేం తెలుసు? చెప్పుల చప్పుడు విని షుగరెంతుందో చెప్పినవాణ్ణి నేను!"

బల్ల చివర పేపరు చదువుకుంటున్న రిటైర్డు మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మొదలెట్టాడు," అన్నాడు టీ కొట్టు పెద్దమ్మతో. పెద్దమ్మ పొయ్యి మంట పెంచింది.

"వెనకటికి ఇనుప సామాన్ల వ్యాపారి ఒకడుండేవాడు. ఓ రోజు దగ్గు మందు కోసం కిటికీ దగ్గరికొచ్చాడు. దగ్గు సంగతి తర్వాత, నీకు షుగరుందయ్యా అన్నాను. డాక్టరుగారు పట్టుకోలేకపోయారు, నేను పట్టుకున్నాను. అంతే జరిగింది, అతిశయోక్తి నాకు గిట్టదు."

"ఎలా పట్టుకున్నావు బావా?"

"ఎలాగేమిట్రా, ఆయన వెనక చీమల వరస! ఆయనింటి గుమ్మం దగ్గర మొదలై ఆసుపత్రిదాకా ఉంది. చౌరస్తాలో పోలీసాయన బళ్ళన్నీ ఆపేసి, కానివ్వండి కానివ్వండి అని చీమలకి చెయ్యి ఊపుతున్నాడు. రక్తం చుక్క తీసి మిషనులో పెట్టాను. అది ఓసారి చూసింది, ఇంకోసారి చూసింది, అంకెలు చాలక ఆరిపోయింది. డాక్టరుగారికి చెమటలు. ఏం చేద్దామోయ్ అన్నారు. మీరలా ఫ్యాను కింద కూర్చోండి సార్, నేను చూసుకుంటా అన్నాను. వ్యాపారిని పిలిచి ఒక్కటే మాట చెప్పాను. ‘నడు’. ఇలా గదిలో కూర్చోబెట్టి రబ్బరు బొమ్మలు ఆడించడాలు నా దగ్గర లేవు!"

దర్జీ సంచీ సర్దుకుని లేచాడు. "నాలుగవుతోంది బావా, వెళ్ళొస్తా."

"కూర్చోరా! అసలు కథ ఇప్పుడే కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నడిచాడు. ‘నడు’ అన్నాను గానీ ‘ఆగు’ అనలేదాయె. నా మాట జవదాటే మనిషి కాడు. ఊరు దాటాడు, ఏరు దాటాడు, పెళ్ళాం అన్నం క్యారియరు పట్టుకుని వెనకాల పరిగెత్తింది. ఆవిడ వెనక చీమలు. వాటికీ అంత దూరం నడకే కదా పాపం! చీమలకి నడుములు సన్నబడింది అప్పుడే."

"అంతకుముందు లావుగా ఉండేవా?" అన్నాడు మాస్టారు.

"మీ చిన్నప్పుడు మీరు సరిగ్గా చూసుండరు మాస్టారూ."

"ఇంతకీ ఎప్పుడాగాడయ్యా ఆయన?" అంది పెద్దమ్మ టీ వడకడుతూ.

"నేను డాబా ఎక్కి ఒక్క కేక పెడితే ఆగాడు. తిరిగి రావడానికి రెండు రైళ్ళు మారాల్సొచ్చింది."

ఎదురుగా మూలగది తలుపు తెరుచుకుంది. సిస్టరు గుమ్మంలోకి వచ్చి వీధి అటూ ఇటూ చూసింది. బావమరిది కోసమే అని కాంపౌండరుకి తెలుసు. ఎదురుచూస్తోంది మరి! తను ఏనాడైనా ఒక రోగి కోసం ఎదురుచూశాడా? రోగులే తన కోసం ఎండలో వరస కట్టేవాళ్ళు. అది గొప్పా, ఇది గొప్పా? ఇదే గొప్పలా ఉంది చూసేవాళ్ళకి. ఆ పిల్లని చూస్తే ఆయనకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుంది. దర్జీ మళ్ళీ సగం లేచాడు.

"నీక్కావలసింది గుండె సంగతే కదరా!" అన్నాడు కాంపౌండరు గొంతు పెంచి. "ఆ వ్యాపారి గుండె గురించి వినకుండా పోతే నష్టపోయేది నువ్వే!"

గుండె అనగానే దర్జీ చతికిలపడ్డాడు. కాంపౌండరుకి ప్రాణం లేచొచ్చింది.

"అంత నడిచాక గుండె ఊరుకుంటుందా? ఉక్కులా తయారైంది. లబ్ డబ్, లబ్ డబ్, మూడు వీధులకి వినపడేది. మొదట్లో ఎవరో పిండి దంచుతున్నారనుకున్నారు జనం. తర్వాత తర్వాత వాచీలు బాగుచేసేవాడు దాన్ని బట్టి గడియారాలు సరిచేయడం మొదలెట్టాడు. రైల్వే గార్డు అది విని పచ్చజెండా ఊపేవాడు. ఆఖరికి బడిగంట కూడా దాన్ని బట్టే!"

"ఏ బడి? మా బడిలో గంట నేనే కొట్టించేవాణ్ణి," అన్నాడు మాస్టారు రోషంగా.

"అది విన్నాకే మీరు కొట్టించేది. మీకు తెలీకుండా జరిగిపోయింది."

"నా చెవిలో పువ్వులున్నాయా ఏమిటి?"

"ఉంటే బాగుండేవి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు వ్యాపారికీ పెళ్ళానికీ మాటా మాటా పెరిగింది. కోపమొస్తే గుండె ఏం చేస్తుంది? పరిగెడుతుంది. దాంతో ఊళ్ళో గడియారాలన్నీ పరుగే పరుగు! పిల్లలు పుస్తకం తెరవకముందే బడి వదిలేశారు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండానే రైలు పోయింది. ఇదంతా చూసి సూర్యుడు, అయ్యో ఆలస్యమైపోయిందే అని కంగారుపడి మిట్టమధ్యాహ్నం దిగిపోయాడు. చీకటి! డాక్టరుగారు తడుముకుంటూ మా ఇంటికొచ్చి, నాయనా నువ్వే దిక్కు అన్నారు. వెళ్ళాను. వ్యాపారి గుండె మీద చెయ్యి వేశాననుకున్నారా? లేదు. వాళ్ళింటి గోడ మీద వేశాను. ఒక్కసారి, ఇదిగో, ఇలా!"

కాంపౌండరు చెయ్యెత్తి ఎదురుగా గ్లాసులు పెట్టే చెక్కపలక మీద ఫెడీమని చరిచాడు. పెద్దమ్మ అప్పుడే పోసిపెట్టిన టీ గ్లాసు ఎగిరి బోర్లా పడింది. పొగలు కక్కే టీ పలక మీంచి జారి ఆయన చెప్పులోకి, పాదం మీదకి ధారగా కారింది. పెద్దమ్మ "అమ్మో!" అంది. మాస్టారు తన కాళ్ళు రెండూ పైకి లాక్కున్నాడు.

"ఇలా చరిచి ‘నెమ్మది’ అన్నాను," అన్నాడు కాంపౌండరు. "అంతే! గుండె దారికొచ్చింది, సూర్యుడు మళ్ళీ నెత్తి మీదకొచ్చాడు. ఏమంటారు?"

ముగ్గురూ ఆయన పాదం కేసి చూస్తున్నారు.

"కాలు తియ్యవయ్యా బాబూ, కాలిపోతోంది!" అని పెద్దమ్మ చన్నీళ్ళ చెంబు తెచ్చి గుమ్మరించింది.

ఆయన అప్పుడు వంగి చూసుకున్నాడు. పాదం ఎర్రగా కమిలి ఉంది. కానీ నోరు ఊరుకుంటుందా? "చూశారా మరి? ఇదే నా ఒంట్లో సత్తువ! ఇంకోడైతే ఈపాటికి గంతులేసేవాడు. నేను చలించానా? ఇంకో గ్లాసు పొయ్యండి కావాలంటే!"

దర్జీ నవ్వలేదు. నేల మీద మోకాళ్ళూని, చెప్పు ఊడదీసి, బావ బొటనవేలు గిల్లాడు. "తెలుస్తోందా?"

"ఏమిటి?"

"ఇంత గట్టిగా గిల్లుతున్నాను బావా," అన్నాడు దర్జీ. "మొన్న సిస్టరు అక్కకి చెప్పిందిట. షుగరు లోపల ముదిరితే కాళ్ళకి స్పర్శ పోతుందిట. ముల్లు దిగినా, నిప్పు తొక్కినా తెలీదుట. అందరి షుగరూ చెప్పావు సరే, నీదెంత?"

ఆ పిల్ల చెప్పిందిట! ఆ మాట కిటికీలోంచి ఎందరికి తను చెప్పలేదు? "కాళ్ళు జాగ్రత్త, తర్వాతెవరు?" అని. ఎవరికీ గుర్తులేదు. తనకే గుర్తులేదు. ఎప్పుడో ఒకసారి పరీక్ష చేసుకుంటే, కొంచెం ఉంది, మందు వాడమన్నారు. కాంపౌండరుకే షుగరంటే నలుగురూ నవ్వరూ అని ఆ చీటీ చింపి పారేశాడు. ఇప్పుడు వంగి తన వేలితో తనే పాదం నొక్కుకున్నాడు. వేలికి తెలుస్తోంది, పాదానికి తెలియడం లేదు. ఎవరిదో కాలు పట్టుకున్నట్టుంది. ఆయనకి భయమేసింది. వేసిందని మొహం మీదే కనపడుతోంది.

"లే బావా. నాతో రా," అన్నాడు దర్జీ.

"ఎక్కడికి? ఆ పిల్ల దగ్గరికా?" అంత భయంలోనూ ఆయన మొహం మాడిపోయింది. "చచ్చినా ఆ గది గుమ్మం తొక్కను!"

దర్జీ సంచీ మాస్టారి చేతికిచ్చి, రెండు చేతులతో బావని లేపి నిలబెట్టాడు.

"తొక్కినా నీకు తెలీదులే బావా. పద."