గోనెసంచిలో సైకిలు

"అవ్వా, నా సైకిలు చైను మళ్లీ ఊడింది. దీన్నే బాగుచేయించుకుందునా, ఇచ్చేసి కొత్తది కొనుక్కుందునా?"

యాడిది, చూపీ. ఊ, ఇదా. కూసో పాపా, ఏం తొందర. బలే మనిషినే అడిగితివి. ఈ జగడం మా ఇంట్లో ఏండ్ల కొద్దీ నడిచింది, తెల్సా. అన్నం తినేటప్పుడు అదే, పూలు కోసేటప్పుడు అదే. మీ తాత బాగుచేయిస్తానంటాడు, నేను కొత్తది కొను అంటాను. నువ్వప్పటికి పుట్టలేదు. కాదు కాదు, పుట్టినావు, మీయమ్మ కాన్పుకొచ్చి ఈడనే ఉండె, నువ్వు ఉయ్యాల్లో ఉంటివి.

అప్పుడు మాకు కనకాంబరాల తోట ఉండె. వానల్లేక శెనక్కాయ పోయింది, బోర్లో సన్నంగా వచ్చే నీళ్లకు ఆ పూలొక్కటే నిలబడినాయి. పొద్దన్నే కోసి నేను కట్టిస్తే, మీ తాత గంపలో పెట్టి తడిగుడ్డ కప్పి, సైకిలెక్కి రాప్తాడు మీద అనంతపురం పోతాండె. మూరల లెక్కన అమ్మేది. మూరంటే ఎవరి చెయ్యి? అమ్మేవాళ్ల చెయ్యే కదా. మీ తాత చెయ్యి చూసినావు గదా, మోకాళ్ల దాకా ఉండాది. టౌన్లో ఆడోళ్లు ఇంకొకరి దగ్గర కొంటేనా? ఆయప్ప కోసరమే కాసుకోనుండేవాళ్లు. నేను నడుం పడిపోయేట్టు కట్టి పంపిస్తే అంతా వాళ్ల జడల్లోకి పాయె. నా చెయ్యి చూడు, పొట్టిది. నేను పోయి నా చేత్తో అమ్మల్ల, అదే నా ఆశ. ఒక్కసారన్నా. కానీ ఎట్ల పోయేది? ఆ పొద్దుకు మా ఊరికి బస్సు రాదు. ఉండేది ఒక్క సైకిలు, దాని మీద ఆయప్ప, వెనక గంప.

ఆ సైకిలు సంగతి చెప్పల్ల నీకు. పామిడి నుంచి మా చిన్నాయన కొడుకు తెచ్చిచ్చినాడు, ఎవురో వాడి వదిలేసింది. ఎంతకిచ్చినాడో మరిచిపోతి, మేకపిల్ల కంటే చవక అని మాత్రం గుర్తుండాది. అది వస్తాంటే ఊరంతా తెలుస్తాది, కిర్రు కిర్రుమని. మా చిన్నాయన కొడుకు అంతే, మంచోడే, వాడు తెచ్చిన వస్తువొక్కటి సక్కంగా ఉండదు. వాడిచ్చిన గొడుగు గూడా అట్లనే, వాన్లేని ఊర్లో గొడుగెందుకో, అది వేరే కత.

ఏం చెప్తాంటి? ఆ, సైకిలు. మొదట సీటు పాయె. రాప్తాడులో మస్తాను అని సైకిళ్లు బాగుచేసే ఆయప్ప ఉండె, ఆయప్ప దగ్గర కొత్త సీటు వేయిచ్చుకోనొచ్చినాడు మీ తాత. తర్వాత పెడళ్లు. తర్వాత కంప ముండ్లు గుచ్చుకోని గుచ్చుకోని టైర్లు. రిమ్ములు, పుల్లలు, హ్యాండిలు, చైను, బ్రేకులు, క్యారియరు. మార్చినప్పుడల్లా పాతది ఇంటికి తెచ్చి గోనెసంచిలో వేసేది. "మంచి సామాను, పనికొస్తాది" అనేది. నేనంటి, "ఏమప్పా, ఇంత పెట్టేబదులు కొత్తది రాదా?" "కొత్తదెందుకే, ఇదే బంగారట్ల ఉంటే" అనేది.

ఆఖరుకు ఒకనాడు ఫ్రేము పై బారు పగిలింది. ఇంక చచ్చినట్టు కొంటాడులే అనుకుంటి. సాయంత్రం చూస్తే కొత్త ఫ్రేము వేయిచ్చుకోని, పాతది భుజాన తగిలిచ్చుకోని వచ్చాండాడు. "ఇప్పుడన్నా కొత్త సైకిలు కొన్నానని ఒప్పుకో" అంటి. "యాడ కొన్నా? ఇది అదే సైకిలు, బాగుచేయిచ్చినా" అనె. నాకు నగు ఆగల్యా పాపా. గోడ పట్టుకోని నగితి. నగుతా నగుతా ఆ గోనెసంచి దిక్కు చూస్తి. సీటు దాంట్లోనే, చక్రాలు దాంట్లోనే, ఇప్పుడు ఫ్రేము గూడా వచ్చె. అంటే ఏమి? మా సైకిలు సంచిలో ఉండాది.

మర్సటి రోజు మీ తాత టౌనుకు పోతానే సంచి నెత్తినెత్తుకోని, ఫ్రేము భుజానేసుకోని మస్తాను దగ్గరికి పోతి. "ఏందక్కా, పాతసామానోడికి వేయల్లనా?" అనె. "కాదప్పా, ఇది సైకిలు. బిగిచ్చీ" అంటి. ఆయప్ప ఆ సంచిలోకి చూసి, నన్ను చూసి, కింద కూలబడి నగినాడు. కానీ పనిమంతుడు. పగిలిన బారు కోసేసి, పైపొకటి కిందికి వాలుగా అతికిచ్చినాడు. ఇంకేమి, చీర కట్టుకోని ఎక్కే సైకిలైపాయె. బ్రేకులు మాత్రం అరిగిపోయి పనికిరాలేదు, తెప్పిచ్చి వేస్తాలే అక్కా అనె. దుడ్లకు బదులు వాళ్లింట్లో పెండ్లికి పూలు కట్టిచ్చేట్టు మాట్లాడుకోని, సైకిలు తోసుకుంటా ఇంటికి తెస్తి.

అంతలో ఆయుధ పూజ వచ్చె. కొడవండ్లు, పారలు కడిగి బొట్లు పెట్టి, మొదటి టెంకాయ సైకిలుకు కొట్టేది మాకు అలవాటు, ఇంటికి అన్నం పెట్టేది అదే కదా. ఆ యేడు వాకిట్లో రెండు సైకిళ్లు. మొదటి టెంకాయ దేనికి? వయసులో పెద్దదానికి. పెద్దదేది? నేను నాదంటి, "పామిడి నుంచి వచ్చిన ఇనుమంతా నా దాంట్లోనే ఉండాది." మీ తాత తనదనె. "నేను దిగిందెప్పుడు, వేరేది కొన్నదెప్పుడు? ఆపొద్దెక్కిందే ఈపొద్దూ ఎక్కుతాండా." కర్పూరం ఆరిపాయె, మా ఇద్దరి నోర్లు ఆరలేదు. ఆఖరుకు కోపమొచ్చి అనె, "తొక్కితేనే సైకిలు, తొక్కకపోతే ఇనుము. పూలగంప పెట్టుకోని దానిమీద టౌనుకు రాపో. వస్తివా, ఇంకమీద నువ్వే అమ్ము, నేను గంప ముట్టను. రాకపోతివా, పాతసామానోడికేస్తా." సరే అంటి. ఎక్కేదే రాదు నాకు, సరే అంటి.

యాడ నేర్చుకోవల్ల? ఊర్లో అందరూ చూసి నగుతారు. మా చెరువు ఎండిపోయి ఏండ్లైంది కదా, దాంట్లోకి దిగితి. పడితే మెత్తగా మట్టి. పడితి, లేస్తి, మళ్లీ పడితి. మోచేతులన్నీ దోక్కపాయె. ఒకనాడు ఏమాయెనో, పడలేదు. పోతానే ఉంటి. బ్రేకుల్లేవు కదా, నిలపాలంటే సక్కంగా కట్ట మీదికి తిప్పేది. ఎగువకు పోయి పోయి అదే ఆగుతాది, అప్పుడు దిగేది. సైకిలు దిగేదంటే అట్లనే అనుకుంటి నేను.

టౌనుకు వస్తానని చెప్పిన రోజు మీ తాత ముందే పోయి మార్కెట్టు కాడ నిలబడినాడు, చూస్తాం ఎట్లొస్తాదో అని. నేను గంప కట్టుకోని, కొంగు నడుముకు దోపి, ఎక్కితి. పాపా, ఆ గాలి. ఎట్ల చెప్పేది నీకు. నాకు నగొస్తాది, భయమొస్తాది, రెండూ ఒకేసారి. పాలోళ్లు క్యాన్లు పెట్టుకోని అట్లే నిలబడి చూసిరి. రాప్తాడులో మస్తాను అప్పుడే అంగడి తీస్తాండాడు. "అక్కా, బ్రేకులొచ్చినాయి, ఆగు" అనె. ఆగేదెట్లనో తెలిస్తే కదా. "సాయంత్రం లేప్పా" అని పోతి.

మార్కెట్టుకు పోతి. చూస్తే అంతా సదరం నేల, ఎత్తనేదే లేదు. కట్ట యాడుండాది? ఎట్ల దిగేది? ఇంక చేసేదేముంది, చుట్టూ తిరిగితి. మీ తాత అరుస్తాండాడు, "దిగే, వచ్చినావు లే, దిగు." ఒక సుట్టు తిరిగినాక ఉత్తిగా తిరిగేదెందుకని, "కనకాంబరాలమ్మా, కనకాంబరాలు" అని కేకేస్తి. ఆడోళ్లు కడుపులు పట్టుకోని నగుతాండారు. ఆయప్పకప్పుడు అర్తమాయె. పంచె ఒక చేత్తో ఎత్తి పట్టుకోని వెంట పరుగు, ఆ పొడుగు చెయ్యి చాపి క్యారియరు పట్టుకున్నాడు. ఎగబీలుస్తా "దిగు" అనె. "దిగను. ఇది సైకిలా, ఇనుమా చెప్పు" అంటి. "సైకిలే తల్లీ, దిగు" అనె.

ఆపొద్దు నా చేత్తో కొలిచి అమ్మితి. "ఏమ్మా, మీ ఆయప్ప మూర పెద్దది కదా" అనిరి. "ఆ మూర ఇంటికి పోయింది, ఈడ ఇదే మూర" అంటి. కొనిరి, కొనకపోతే యాడికి పోతారు. నా పెండ్లినాడు గూడా అంత సంతోషం లేదు నాకు. మీ తాతకు చెప్పొద్దు.

నీదా? బాగుచేయిచ్చుకో, కొత్తది కొనుక్కో, నీ ఇష్టం. బ్రేకులు మాత్రం ఉండల్ల. నువ్వు పోవాలనుకున్న చోటికల్లా నీ కాళ్లతో తొక్కుకోని పోవల్ల బిడ్డా, నా ఆయుస్సు గూడా పోసుకోని సల్లంగుండల్ల. అద్సరే, ఆ చైను తగిలించి ఇట్ల తే, నేనొకసారి ఎక్కుతా. మోకాళ్లా? ఏమీ కాదులే. వెనక పట్టుకో, గట్టిగా. ఆ, అట్ల. పట్టుకున్నావా... పట్టుకున్నావా... సరే, ఇంక వదిలిపెట్టు...