సలోమి టీచరు పేరు

నంద్యాల మిషన్ బడిలో ఇంటర్వ్యూ ముగించుకుని ఇద్దరు స్నేహితురాళ్లు ఆళ్లగడ్డ బస్సెక్కారు. ఉన్నది ఒక్కటే ఉద్యోగం. కిటికీ పక్కన కూర్చున్నామె తల్లి, సలోమి టీచరు, చనిపోతే ఖాళీ అయినది. రెండో ఆమె ఫోను తీసింది.

"హెడ్మాస్టరుకు థ్యాంక్స్ మెసేజ్ రాసినా. తప్పులుంటే చెప్పుమే."

"చదువు."

"‘నాకు చదువు చెప్పిన సలోమి టీచరు గదిలో పాఠం చెప్పనిచ్చినందుకు కృతజ్ఞతలు.’"

కిటికీ పక్కనామె చప్పున ఇటు తిరిగింది.

"ఆడ ఇంటర్వ్యూలో కూడా ఇదే చెప్పినావా?"

"చెప్పినా. ఆయన కళ్లు తుడుచుకున్యాడు. నువ్వు చెప్పలేదా?"

"అడుక్కున్నట్టుంటాదని అమ్మ ఊసే ఎత్తలేదు."

"ఇప్పుడన్నా రాయి."

"బస్సెక్కినప్పట్నుంచి రాస్తాండా. ‘మా అమ్మ’ దగ్గరే ఆగిపోతాండా."

"మరి నాది పంపొద్దా?"

"పంపు. ఆమె పేరు తీసేసి పంపు."

"తీసేస్తే ఇంకేముంటాది అందులో?"

"ఉద్యోగం నీకే రానీ. అమ్మను నాకొదిలెయ్."