కొత్త వెర్షన్‌లో ఫొటో రాదు

కోట బస్టాండు దగ్గర, మేడ మీద భానుప్రియ నడిపే ల్యాబు. రైతులు తెచ్చిన రొయ్యను మైక్రోస్కోపు కింద పెట్టి జబ్బేమిటో చెప్పడం ఆమె పని. ఆ మైక్రోస్కోపును, దానికి తగిలించిన కంప్యూటరును ఇచ్చింది ఒక మందుల కంపెనీ. ఆ కంపెనీ మనిషి పెంచలప్రసాద్ మధ్యాహ్నం వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆమె కూర్చోమనలేదు.

"యాడుండాదో చూపించు."

"ఏంది మేడం?"

"ఫొటో బటన్. మొన్నటిదాకా ఈ మూల ఉండె. నొక్కితే తెర మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టు ఫోన్లోకి వచ్చేది. రైతుకు పంపిస్తే, ఎవరికి కావాలంటే వాళ్ళకి చూపించుకునేవాడు. నువ్వొచ్చి అప్‌డేట్ అంటివి. టీ తాగేలోపల అయిపోతాదంటివి. అయిపోయింది. బటన్ కూడా అయిపోయింది."

"పోలేదు మేడం. కొత్త వెర్షన్‌లో దాన్ని రిపోర్టులో కలిపేసినారు."

"రిపోర్టులో బొమ్మ యాడుండాది?"

"ఉంటాది. పైన, కుడిపక్క."

"అది మీ కంపెనీ గుర్తు ప్రసాదూ. నవ్వే రొయ్య. నేనడిగేది నా గాజుపలక మీద చచ్చే రొయ్యని."

"మీరు కోపంలో ఉండారు."

"ఇంకోటి. ఎప్పుడూ అక్కా అక్కా అనేవాడివి. ఇవాళ మేడం అయిపోయినానే?"

"ఆఫీసు పని మీద వచ్చినా కదా, అందుకని. సరే అక్కా, ఆ ఒక్కటి వదిలెయ్యి. కొత్తగా ఎన్ని వచ్చినాయో చూడవా దాంట్లో?"

"చూసినా. పొద్దన్నే తెరిస్తే శుభోదయం అంటాది. నా పుట్టినరోజుకు బెలూన్లు ఎగరేసింది. తెర నలుపు కావాల్నా నీలం కావాల్నా అని అడగతాది. రొయ్య పేగు ఏ రంగులో ఉందో ఆ రైతుకు చూపించవే అంటే మాత్రం నోరు పడిపోతాది దానికి. కన్ను పీకి కాటుక పెట్టినట్టుంది మీ అప్‌డేట్."

"ఫొటో ఎవరూ వాడడంలేదని పైవాళ్ళు లెక్క తీసినారక్కా."

"ఎవరూ అంటే?"

"ఎవరూ అంటే, కస్టమర్లు."

"కోట నించి దుగరాజపట్నం దాకా నా దగ్గరికొచ్చే రైతుల్లో ఫొటో అడగనోడు ఒక్కడుంటే పేరు చెప్పు. మీ పైవాళ్ళు ఎవుర్ని అడిగినారు? వాళ్ళ రూములో ఏసీని అడిగినారా?"

"అదీగాక డేటా బయటికి పోకూడదంట. సెక్యూరిటీ."

"రొయ్యకు సెక్యూరిటీ. ఎందుకు, దాని మానం పోతాదనా?"

"నవ్వులాట కాదక్కా."

"నేను నవ్వడంలా. మీ ఆఫీసుకు ఫోన్ చేసినా. ఒక పాప ఎత్తింది. గొంతు తేనె. పాత వెర్షనే మళ్ళీ వెయ్యండమ్మా అన్నా. ముందుకేగాని వెనక్కి పోయే దారి లేదంది. మరి ఫొటో ఎందుకు తీసేసినారంటే, మీ సూచనకు ధన్యవాదాలు అనింది. నేను సూచన ఇవ్వడంలా, మొత్తుకుంటుండా అన్నా. దానికీ ధన్యవాదాలే."

"నాతో చెప్పుంటే నేను పైకి పంపించేవాణ్ణి కదా."

"నీతో చెప్పినా. ఆ రోజే చెప్పినా. చూస్తాలే అక్కా అంటివి. ఏం చూస్తివి?"

"నేను చిన్నోణ్ణి. నాదేముంది. తెరను ఫోనుతో ఫొటో తీసుకుంటే సరిపోయె. అందరూ అదే చేస్తుండారు."

"అందరూనా? ఇప్పుడేగా ఎవరూ వాడరంటివి."

"అంటే, కొందరు."

"నువ్వు ఒకమాట మీద నిలబడు, నేను దాన్నే తిడతా. హెబ్రోను జ్ఞాపకం ఉండాడా, పోయినేడు రొయ్యల మొప్పలు నల్లబడినాయని ఏడ్చుకుంటా వచ్చినాడే? నువ్వు ఇక్కడే ఉంటివి ఆ రోజు. మీ మందు రెండు డబ్బాలు ఆయన చేతిలో పెట్టబోతివి. నేను ఫొటో తీసిస్తే నెల్లూరులో గిరిబాబుగారికి పంపించినాడు. చేపల డాక్టరు ఆయన, రైతు ఎవరడిగినా ఊరికే చూసి చెప్తాడు. అది జబ్బు కాదు, గుంట అడుగున బురద మురిగింది, నీళ్ళు మార్చుకో అన్నాడు. మార్చుకున్నాడు. పంట నిలబడింది."

"మంచిదే కదా."

"హెబ్రోనుకు మంచిది. నీ రెండు డబ్బాలూ నీ సంచిలోనే ఉండిపాయె. ఫొటో ఎందుకు తీసేసినారో నాకు సెక్యూరిటీ కథలు చెప్పబాక."

"నువ్వు ప్రతిదానికీ అట్టా ముడేస్తే నేనేం చెప్పేది. మిషను తీసుకోనిపో అని ఫోన్ చేస్తివి, వచ్చినా."

"తీసుకోనిపోదువుగానిలే. ముందు నరేంద్రబాబు సంగతి విను."

"ఏ నరేంద్రబాబు?"

"తెలీనట్టు అడగబాక. మీ ఆఫీసు నించి నాకు మెయిల్ వచ్చింది ఆయన గురించే. వరి వేసుకునే మనిషి, ఈ మధ్యే రొయ్యల్లోకి దిగినాడు. పోయిన వారం పొద్దన్నే వచ్చినాడు. ప్లాస్టిక్ కవర్లో నీళ్ళు, నీళ్ళలో రొయ్యలు. మేత సరిగ్గా తినడంలేదమ్మా, ట్రేలో మిగిలిపోతుండాది అన్నాడు. తల మీది పెంకు ఒలిచి మైక్రోస్కోపు కింద పెట్టినా. తెల్లమచ్చలు. పెంకు లోపలివైపు, పూరేకుల మాదిరి. తెల్లమచ్చల జబ్బయితే నీళ్ళెంబడి పాకతాది, రోజుల్లో గుంటంతా ఖాళీ."

"మచ్చలన్నీ ఆ జబ్బే కావు కదక్కా. నీళ్ళలో ఉప్పులు ఎక్కువైనా పడతాయి."

"నాకే పాఠం చెప్తుండావా? పడతాయి. ఇవి ఆ రకం మచ్చలు కాదనిపించింది. అనిపించిందనే అంటుండా, తేల్చేసినాననడంలా. నెల్లూరులో పెద్ద పరీక్ష చేయించన్నా, ఈలోపల వలకు మనుషుల్ని మాట్లాడి పెట్టుకో, ఆ జబ్బే అయితే ఉన్న రొయ్యల్ని ఉన్నట్టు పట్టేసుకోవాల అని చెప్పినా."

"మరి చెప్పినావు కదా. ఇంకేంది?"

"అప్పుడే మీ మిషను రిపోర్టు కక్కింది. పచ్చ టిక్కు. వాతావరణ ఒత్తిడి, ఆందోళన అవసరం లేదు. దానికింద మీ మందు పేరు, ఎకరాకు ఎంత చల్లాల, ఏ పూట చల్లాల. దానికింద ఆర్డర్ పెట్టే బటన్. ఆ బటన్ మాత్రం నా అరచెయ్యంత ఉండాది."

"అనుమానం ఉంటే నిపుణుల్ని సంప్రదించండని కూడా ఉంటాది. చివర్లో."

"చీమ తలకాయంత అక్షరాల్లో. ఆ నిపుణుడికి చూపించడానికే ఆయన ఫొటో అడిగినాడు. ఫొటో ఇయ్యమ్మా, గిరిబాబుగారు కూడా ఇదే మాటంటే రేపే వల ఏస్తా అన్నాడు. బటన్ లేదు. నువ్వు చెప్పిన పనే చేసినా, తెరను ఫోనుతో తీసినా. అడ్డంగా చారలు, నిలువునా చారలు, మధ్యలో మీ కంపెనీ పేరు నీడ మాదిరి. అదే పంపించినాడు పాపం. ఇది రొయ్యో గళ్ళ లుంగీయో తెలవడంలేదు అన్నాడంట గిరిబాబుగారు."

"రొయ్యనే తీసుకోని నెల్లూరు పోవచ్చు కదా ఆయన."

"పోవచ్చు. ఎందుకు పోతాడు? ఒకపక్క నేను, నోటిమాట. ఇంకోపక్క కాయితం, రంగు, ముద్ర. మిషనే బాగుండాయంటుంటే నువ్వు భయపెడతావేందమ్మా అన్నాడు. ఆయన్ని నేనేమీ అనలేను. పచ్చ టిక్కు పడితే నమ్మాలని ఎవరికుండదు? కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మీ మందు కొని చల్లుకున్నాడు. మర్నాడు నేనే ఫోన్ చేసినా. తింటుండాయమ్మా, బాగుండాయి అన్నాడు. ఆ మర్నాడు ఫోన్ ఎత్తలా."

"చచ్చిపోయినాయా?"

"ముందు కొంగలొచ్చినాయి. గట్టు పొడుగునా తెల్లగా, గుడ్డలు ఆరేసినట్టు. పట్టపగలు రొయ్యలు ఒడ్డుకొచ్చి తూలతా ఉంటే ఏరుకోని తింటుండాయి. నేను బండేసుకోని పోయేసరికి వాసన రోడ్డుదాకా కొడతా ఉండాది. అన్నీ పోయినాయి. అయినా నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగతానే ఉండాయి. ఆపన్నా ఇంక అంటే, ఆపితే వాటికి ఊపిరాడదమ్మా అన్నాడు."

"పాపం."

"ఆ మాట మీ రిపోర్టులో రాయించు. పచ్చ రంగులో. వాళ్ళావిడ బిందు అయితే ఏడవను కూడా ఏడవలా. నా దగ్గరికొచ్చి, అక్కా నువ్వు చూసినావు కదా అనింది. చూసినా అన్నా. చూసినదాన్ని మాకు చూపించలేకపోయినావే అనింది. అంతే. పోయి గట్టు మీద కూర్చునింది. తిట్టుంటే బాగుండు."

"ఇందులో నీ తప్పేముందక్కా."

"ఆ మాట నువ్వనబాక. నా తప్పేనని మీ మెయిల్. రొయ్యను పలక మీద సరిగ్గా పెట్టలేదంట ల్యాబువాళ్ళు. సరిగ్గా పెట్టినానో లేదో బొమ్మ చూస్తే తెలీదా? ఆ బొమ్మ మిషనులోంచి నేరుగా మీ ఆఫీసుకే పోతాది. నా చేత్తో పెట్టిన రొయ్య, నేను చూసిన మచ్చ. నాకూ రైతుకూ తప్ప మీ ఆఫీసులో అందరికీ కనపడతాది."

"అక్కా, ఒకటి అడగనా?"

"అడుగు."

"ఆ గుంట నీళ్ళు ఏం చేసినాడు?"

"ఎవురు?"

"నరేంద్రబాబు. బ్లీచింగ్ చల్లి ఆపినాడా, అట్నే వదిలేసినాడా?"

"ఓహో. నా మీద తోసింది చాల్లేదు, ఇప్పుడు ఆయన మీదికా?"

"అది కాదక్కా. వదిలినాడా లేదా చెప్పు."

"చల్లమనే చెప్పినా. బ్లీచింగ్ తెచ్చుకునేలోపల వానకు గట్టు కోసుకుపోయింది. నీళ్ళు కాలవలో పడినాయి."

"ఏ కాలవ?"

"ఆడ ఎన్ని కాలవలుండాయి? కొత్తపట్నం వైపు పోయేది."

"కిందవాళ్ళు ఆ నీళ్ళు తోడుకున్నారా?"

"నీకెందుకయ్యా? రైతు నిర్లక్ష్యం అని రాసుకోవడానికా? రాసుకో. మందు చల్లినోడిది తప్పు, చెప్పినదానిది తప్పు, వాన తప్పు. మీరు మాత్రం శుభోదయం."

"నేనేమీ రాయడంలా."

"మరి ఊరికూరికే ఫోన్ చూసుకుంటుండావే?"

"మా అక్క చేస్తుండాది."

"మాట్లాడు. నేను వద్దన్నానా?"

"తరవాత మాట్లాడతాలే."

భానుప్రియ లేచి, గోడకున్న ప్లగ్గు లాగేసి, మిషను తీగలు చుట్టి పెంచలప్రసాద్ ఒళ్ళో పెట్టింది.

"ఇంక ఎత్తుకో."

"ఇది లేకపోతే ల్యాబు ఎట్టా నడుపుతావక్కా?"

"కాలేజీలో కొనుక్కున్న మైక్రోస్కోపు ఉండాది, కన్ను ఆనించి చూసేది. అటక మీంచి దించి తుడుచుకున్నా. పైన గాజుకు ఫోన్ ఆనిస్తే బొమ్మ నీటుగా వస్తుండాది. పుట్టినరోజు అడగదు. అప్‌డేట్ అడగదు. మందు అసలే అమ్మదు."

"బొమ్మ బాగా వస్తుండాదా? మచ్చలు అవీ తెలస్తాయా?"

"నా వెంట్రుక పెట్టి చూసినా. మోకు మాదిరి కనపడింది. గిరిబాబుగారికి పంపిస్తే, ఇప్పుడు నాకు కళ్ళొచ్చినాయమ్మా అన్నాడు. నీకెందుకులే ఇదంతా. ఎత్తుకో."

"ఎత్తుకుంటా."

"ఎత్తుకుంటానని కూర్చున్నావే. సంతకం కావాల్నా? పెట్టను. నాది తప్పని రాసిన ఏ కాయితం మీదా పెట్టను, పోయి చెప్పు."

"సంతకం వద్దక్కా."

"మరేం కావాల?"

"మా అక్కా బావా గుంట ఏసుకోనుండారు. కొత్తపట్నం దగ్గర, ఆ కాలవ మీదే. పొద్దున ఫోన్ చేసింది. రాత్రి వేసిన మేత ట్రేలో అట్నే ఉండాదంట."

"అయితే ఇంకేం. మిషను నీ ఒళ్ళోనే ఉండాది. ఇట్టియ్యి, మళ్ళీ తగిలిస్తా. రొయ్యను తెచ్చి పెట్టుకో, నిమిషంలో రిపోర్టు వస్తాది. పచ్చ టిక్కు పడితే మీ అక్కకు పంపించు. మందు ఎట్టా నీ సంచిలోనే ఉంటాది."

"అక్కా."

"ఏంది? రొయ్యలు తెచ్చినావా లేదా?"

"తెచ్చినా. కింద బండిలో ఉండాయి."

"తీసుకరాపో మరి. రిపోర్టు ఇంగ్లీషులో కావాల్నా, తెలుగులో కావాల్నా?"

"రిపోర్టు వద్దక్కా. ఫొటో కావాల."