పడవ బయలుదేరిన ఒడ్డు

దినాలు అయిన మర్నాడు, ఇబ్రహీంపట్నంలో ఎండిపోయిన పెద్దచెరువు గట్టు మీద తల్లీకూతుళ్లు పోయినాయన వలను మడత పెడుతున్నారు. కంపెనీ బస్సులు ఆదిభట్ల వైపు పోతున్నాయి.

“హుసేన్‌సాగర్‌ల రాష్ట్రాల నడుమ నీ పడవ పందెమాయె. జనమంత గెలుపు గీత కాడుంటే, మీ బాపు మొదలు కాడ ఒక్కడే నిలవడి పానం ఎందుకిడిచిండే?”

“నేనే ఆడ నిలవడమన్న.”

“ఎందుకు?”

“ఆ పడవ మన తెప్ప లెక్క కాదమ్మా. ఎనకకు మొకం వెట్టి తెడ్లేస్తం. గెలుపు గీత మాకు కనవడదు. ఇడిచొచ్చిన ఒడ్డే కనవడతది.”

తల్లి వల వదిలేసింది.

“గట్లయితే నీకు కనవడ్డడా?”

ఈ మాట ఎప్పటికైనా అడుగుతుందని కూతురికి తెలుసు.

“ఎర్ర తువ్వాల ఊపుకుంట నిలవడ్డడు. జర దూరం పోయినంక తువ్వాల దించి కూసున్నడు. అలిసిండనుకున్న. తెడ్లు ఆపలే.”

తిట్టు కోసం కూతురు తల వంచుకుంది. తిట్టు రాలేదు.

“సూసే దిక్కు లేక ఒంటిగ పోయిండని ఇన్నొద్దులు ఏడ్సిన బిడ్డా. నువ్వు సూస్తనే ఉన్నవా?”

“గీత దాటేదాక సూస్తనే ఉన్న.”

తల్లి వల కొస మళ్లీ చేతిలోకి తీసుకుంది.

“అయితే ఒంటిగ పోలే.”